పాత కంప్యూటరుకు కొత్త తోడు

ఇత్తడి బిందెకు చిల్లు పడితే మనం పారేస్తామా? మాటు వేయించుకుని ఇంకో పదేళ్ళు వాడుకుంటాం. మరి కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికి ‘పాతదైపోయిందమ్మా’ అని ఎవరైనా అనగానే కొత్తదానికి డబ్బులు ఎందుకు లెక్కపెడతాం? ఈ ప్రశ్న కిందటి దీపావళికి నాకు నేనే వేసుకోవలసి వచ్చింది.

మా ఇంట్లో కంప్యూటరు 2016లో కొన్నది. మా నారాయణఖేడ్ మెదక్ జిల్లా నుంచి కొత్త సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది కూడా ఆ ఏడే, అందుకని సంవత్సరం బాగా గుర్తు. పిల్లలు చదువులకని వెళ్ళిపోయాక అది నా చేతికొచ్చింది. మా పొదుపు సంఘం వడ్డీ లెక్కలు, పెళ్ళిళ్ళ ఫోటోలు, కరెంటు బిల్లుల కాగితాలు అన్నీ అందులోనే.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలుగా వచ్చే ఉచిత భద్రతా మరమ్మతులు ఆగిపోయాయి. విడిగా నమోదు చేసుకున్న ఇళ్ళవాళ్ళకు మాత్రం 2026 అక్టోబరు 13 దాకా గడువు ఇచ్చారు. విండోస్ 11కు వెళదామంటే అది కోరే ప్రాసెసరు, టీపీఎమ్ అనే భద్రతా ఏర్పాటు మా యంత్రంలో లేవు. బజారులో అడిగితే, “కొత్తది తీసుకోండ్రి అమ్మా, ముప్పై వేలల్ల మంచిది వస్తది” అన్నాడు షాపు అబ్బాయి. ముప్పై వేలంటే మాటలా!

పండగకు వచ్చిన మా అక్క కూతురు విని నవ్వింది. “మిషన్ ఖరాబు కాలేదు చిన్నమ్మా. లోపల నడిపించేది మారిస్తే చాలు. లినక్స్ వేద్దాం, పైసా ఖర్చు లేదు” అంది.

ఉచితం అనగానే నాకు అనుమానం. ఊరికే ఎవరిస్తారు? అప్పుడు ఆ పిల్లే చెప్పింది. 1991లో ఫిన్లాండులో లినస్ టోర్వాల్డ్స్ అనే ఇరవై ఒక్కేళ్ళ విద్యార్థి దీన్ని మొదలుపెట్టాడట. అంతకుముందే 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్, అందరూ పంచుకోగల ఉచిత సాఫ్ట్‌వేర్ తయారుచేస్తానని గ్నూ అనే పని ప్రకటించాడు. ఈ రెండూ కలిసి, వేలమంది చేతులు పడి పెరిగింది. మన హైదరాబాదులో ‘స్వేచ్ఛ’ సంస్థవాళ్ళు దీన్ని తెలుగులోకి తెచ్చే పని చేశారు. మన ఆండ్రాయిడ్ ఫోను లోపలున్నదీ లినక్స్ గుండెకాయేనట!

నాకైతే పెరుగు తోడు గుర్తొచ్చింది. పక్కింటికి చెంచాడు తోడు ఇస్తే మన గిన్నెలో పెరుగు తరిగిపోదు కదా. ఇదీ అంతే. ఒకరు తీసుకుంటే ఇంకొకరికి తక్కువ కాదు.

ఇక చేసే విధానం. లినక్సులో చాలా రకాలున్నాయి. విండోస్ అలవాటైనవాళ్ళకు ‘లినక్స్ మింట్’ తేలిక. కింద మూలన మెనూ, గడియారం అన్నీ మనకు తెలిసిన చోటే ఉంటాయి. దీనికి కనీసం 2 జీబీ ర్యామ్, హార్డ్ డిస్కులో 20 జీబీ చోటు కావాలి. 4 జీబీ ర్యామ్ ఉంటే హాయి. మరీ పాత యంత్రమైతే అందులోనే ‘ఎక్స్ఎఫ్‌సీఈ’ అనే తేలిక రకం తీసుకోవాలి.

మొదట మన ఫైళ్ళన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీసి డబ్బాలో దాచేయాలి. రెండోది, వేరే ఖాళీ పెన్‌డ్రైవ్‌లోకి మింట్‌ను ఎక్కించాలి. ఇక్కడే నేను తప్పు చేశాను. సంఘం లెక్కలు నకలు తీసిన పెన్‌డ్రైవ్‌నే మా పిల్ల చేతికిచ్చాను! మింట్ ఎక్కేటప్పుడు అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. పోయింది కూడా. పదిమంది ఆడవాళ్ళ పొదుపు లెక్క... నా గుండె ఆగినంత పనైంది. అసలు ఫైళ్ళు ఇంకా కంప్యూటరులోనే ఉన్నాయి కనుక బతికిపోయాం. మీరు మాత్రం రెండు పెన్‌డ్రైవ్‌లకూ వేర్వేరు రంగుల దారం కట్టుకోండి.

మూడోది, కంప్యూటరు ఆపి, మింట్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి, ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కాలి. కొన్ని కంపెనీలవాటికి ఎఫ్2, ఇంకొన్నిటికి ఎస్కేప్ మీట. అప్పుడు మింట్ ఆ పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది, లోపలి విండోస్‌ను ముట్టుకోదు. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినట్టు, వైఫై, శబ్దం, ప్రింటరు పనిచేస్తున్నాయా అని రెండు రోజులు చూసుకోండి. నచ్చితేనే ‘ఇన్‌స్టాల్’ బొమ్మ నొక్కాలి. ‘మొత్తం డిస్కు తుడిచివేయి’ అన్న చోట మాత్రం ఆగి, దాచిన నకలు తెరుచుకుంటోందో లేదో ఇంకోసారి చూడండి.

మా ఇంట్లో గంటలోపే పని అయిపోయింది. లెక్కలకూ ఉత్తరాలకూ లిబ్రే ఆఫీస్, ఇంటర్నెట్‌కు ఫైర్‌ఫాక్స్ దానితోపాటే వచ్చాయి. నా ఎక్సెల్ లెక్కలు లిబ్రే ఆఫీసులో తెరుచుకున్నాయి. అయినా కూడికలు ఒకసారి రిజిస్టరుతో సరిచూసుకున్నాను. తెలుగు కొట్టడానికి భాషల సెట్టింగులలో తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ ఉంది, ఆర్‌టీఎస్ ఉంది. ఆర్‌టీఎస్‌లో ఇంగ్లీషు అక్షరాలు నొక్కితే తెలుగు పడుతుంది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరు మీద వచ్చిన పద్ధతి అది.

అన్నీ తీపి మాటలే చెబితే మీరు నన్ను నమ్మరు. చేదు కూడా చెబుతాను. మా సంఘం పాత తీర్మానాలు డీటీపీ షాపులో అను ఫాంట్లతో కొట్టించినవి. తెరిస్తే తెలుగుకు బదులు ఏవో పిచ్చి గుర్తులు! ఆ ఫాంట్లు యూనికోడ్ పద్ధతివి కావు. అవి లేని ఏ కంప్యూటరులోనైనా ఇదే గతి. ముఖ్యమైన ఆరు కాగితాలు యూనికోడ్ తెలుగులో నేనే తిరిగి కొట్టుకున్నాను. నాలుగు సాయంత్రాలు పట్టింది. ఇక ముందు ఏ కంప్యూటరులోనైనా, ఫోనులోనైనా అవి తెరుచుకుంటాయి.

ఇంట్లో దుకాణం లెక్కలు ట్యాలీలో రాసేవాళ్ళు, పేజ్‌మేకర్ మీద బతికేవాళ్ళు మాత్రం తొందరపడవద్దు. అవి విండోస్ కోసం చేసినవి. కొన్ని ప్రింటర్లు కూడా మొండికేస్తాయి. అలాంటివాళ్ళు డిస్కులో చోటుంటే రెండూ పక్కపక్కన పెట్టుకోవచ్చు. వైరస్‌ల బెడద తక్కువే కానీ, ఓటీపీ అడిగే దొంగకు మనది ఏ కంప్యూటరైతేనేం? ఆ జాగ్రత్త మనదే.

మొదటి వారం నాకూ విసుగొచ్చింది. “మళ్ళ పాతదే వెయ్యవే” అని ఫోను చేశాను కూడా. “ఒక్క నెల ఓపిక పట్టు చిన్నమ్మా” అంది. ఇప్పుడు ఆ నెల దాటి చాలా రోజులైంది. మా మింట్ 22కు 2029 దాకా భద్రతా మరమ్మతులు వస్తాయి. ముప్పై వేలు బ్యాంకులోనే ఉన్నాయి. ఆ డబ్బు కన్నా నాకు ఎక్కువ సంతోషం ఇంకోటుంది. నా లెక్కల పుస్తకం ఎక్కడుందో, అది ఎలా నడుస్తోందో ఇప్పుడు నాకే తెలుసు. ఎవరినో బతిమాలనక్కర లేదు.

నిన్న ఎదురింటి వదినె వచ్చి, “మీ పెన్‌డ్రైవ్ ఓసారి ఇస్తవా?” అని అడిగింది. తోడు అడిగినట్టే ఉంది కదూ! ఎర్రదారం కట్టింది ఇచ్చాను. పచ్చదారం కట్టిన లెక్కలది మాత్రం బీరువాలోనే ఉంది.