తల్లి పళ్లెంలో ఆకుకూర



కోడలు నెల తప్పిందని తెలియగానే మన ఇళ్లలో ఆనందంతోపాటు ఆంక్షలూ మొదలవుతాయి. "ఎక్కువ తినకమ్మా, బిడ్డ బరువైతే కాన్పు కష్టం" అని ఒకరంటే, "ఆకుకూర అరగదు" అని ఇంకొకరంటారు. అందరి భోజనాలూ అయ్యాక గిన్నె అడుగున మిగిలిన అన్నం, చారు మాత్రమే ఆమె వంతుకు వస్తాయి. తీరా బిడ్డ పుట్టాక తూచి చూస్తే రెండున్నర కిలోలు కూడా ఉండదు. ఇంత తక్కువ బరువుతో పుట్టిన పసికందులు చలికి తట్టుకోలేరు. అంటురోగాలు వారికి త్వరగా సోకుతాయి.

కడుపులో బిడ్డకు ఆహారం, ప్రాణవాయువు అందించేది మావి. అది రాత్రింబగళ్లు పని చేస్తూ ఉంటుంది. ఆ పనిలో కణాలకు హాని చేసే కొన్ని పదార్థాలు కూడా పుడతాయి. అవి మితిమీరితే మావి సరిగా పనిచేయలేక, బిడ్డ ఎదుగుదల కుంటుపడవచ్చు. వాటిని అదుపులో ఉంచేవే యాంటీ ఆక్సిడెంట్లు. ఉసిరి, జామ, నిమ్మలలోని సి విటమిను, మునగాకు, తోటకూర, క్యారెట్టులోని బీటా కెరోటిన్, వేరుశనగలోని ఇ విటమిను ఈ కోవలోవే.

1990లలో పూణె సమీప గ్రామాలలో సుమారు 800 మంది గర్భిణుల ఆహారాన్ని పరిశోధకులు పరిశీలించారు. 2001లో ప్రకటించిన ఫలితాల ప్రకారం నెలలు నిండి పుట్టిన ఆ బిడ్డల సగటు బరువు 2,665 గ్రాములు. తల్లి తిన్న మొత్తం కెలోరీలకూ మాంసకృత్తులకూ బిడ్డ పరిమాణంతో చెప్పుకోదగిన సంబంధం కనబడలేదు. అయితే ఆకుకూరలు, పండ్లు తరచుగా తిన్న తల్లుల బిడ్డలు మాత్రం కొంత పెద్దగా పుట్టారు.

"అలాగైతే ఆ విటమిన్లు మాత్రలుగా మింగితే సరిపోదా?" అని మీరడగవచ్చు. బ్రిటన్‌లో రక్తపోటు ముప్పు ఉన్న గర్భిణులకు రోజూ 1000 మిల్లీగ్రాముల సి విటమిను, 400 యూనిట్ల ఇ విటమిను ఇచ్చి చూశారు. 2006లో ఫలితాలు వచ్చాయి. ఆ జబ్బు తగ్గలేదు సరికదా, తక్కువ బరువు బిడ్డలు మాత్రలు మింగినవారిలో 28 శాతం, మింగనివారిలో 24 శాతం ఉన్నారు. కాబట్టి సొంతంగా దుకాణంలో కొని మింగకండి. డాక్టరు ఇచ్చే ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రల సంగతి వేరు. వాటిని మానకూడదు.

మరొక ముఖ్య విషయం. ముంబయి మురికివాడలలో ఆరు వేలమందికి పైగా స్త్రీలను తీసుకుని, కొందరికి ఆకుకూరలు, పండ్లు, పాలపొడి కలిపిన చిరుతిండి, మిగిలినవారికి ఉల్లి, బంగాళాదుంపల వంటి వాటితో చేసినది రోజూ పెట్టారు. 2014లో ప్రకటించిన ఫలితాలలో మొత్తంమీద బిడ్డల బరువులో పెద్ద తేడా లేదు. కానీ గర్భానికి మూడు నెలల ముందునుంచే మొదటి రకం తిన్నవారి బిడ్డలు సుమారు 48 గ్రాములు ఎక్కువ తూగారు. మరీ బక్కపలచని తల్లులలో ఈ లాభం కనిపించలేదు. అంటే తల్లి కావలసిన పిల్లకు మంచి తిండి పెళ్లికి ముందు పుట్టింట్లోనే మొదలు కావాలన్నమాట.

ఇందుకు పెద్ద ఖర్చు అవసరం లేదు. పెరట్లో ఒక మునగచెట్టు, నాలుగు మళ్ల తోటకూర చాలు. ఆకును బాగా కడిగి ఆ తరువాతే తరగండి. కాస్త నూనె వేసి వండితే బీటా కెరోటిన్ ఒంటబడుతుంది. పప్పు దించాక నిమ్మరసం పిండితే సి విటమిను వేడికి పాడవదు, ఆకులోని ఇనుమూ బాగా పడుతుంది. సాయంత్రం ఒక జామకాయ, గుప్పెడు వేరుశనగలు ఇవ్వండి.

అత్తగార్లకు ఒక మనవి. రేపటినుండి కూర గిన్నె దించగానే మొదటి గరిటె కోడలి పళ్లెంలో వడ్డించండి. మీ మనుమని వంతు కూడా అందులోనే ఉంది.