కంబాలకొండ మట్టి మనకెందుకు?

పైన వీడియోలో ఉన్నది విశాఖ కంబాలకొండ. సంక్రాంతి సెలవుల్లో ఓ పూట అక్కడ నడిచి తీశాం. ఓ పక్క హైవే మీద లారీల మోత, ఇంకో పక్క 7 వేల హెక్టార్లు దాటిన అడవి. ప్రకృతి సేద్యం చేసేవాళ్లు ఇలాంటి చోట ఏడాదికోసారైనా నడవాలని నా మాట.

చూడాల్సింది చెట్లని కాదు, కాళ్ల కిందకి. పైన ఎండుటాకు గలగలమంటుంది. కింద పొర మెత్తగా, సగం చివికి ఉంటుంది. దాని కింద మట్టి చల్లగా తగులుతుంది. అక్కడ ఎవరూ దున్నలేదు, బస్తా ఎరువు వేయలేదు. మనం ఆచ్ఛాదన అని మీటింగుల్లో గంటసేపు చెప్పేది అక్కడ రెండు నిమిషాల్లో అర్థమైపోతుంది.

అయితే ఒక విషయం గట్టిగానే చెప్పాలి. మాతో వచ్చిన ఒక అన్న "తమ్ముడూ, జీవామృతంలోకి ఈ మట్టి ఓ సంచి పట్టుకుపోదాం" అన్నారు. ఆ మాట చాలామంది దగ్గర విన్నాను. నేను ఒప్పుకోను. కంబాలకొండ అభయారణ్యం. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అక్కడి నుంచి ఆకు, మట్టి తేవడం నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, అవసరమేముంది? 200 లీటర్ల జీవామృతానికి పేడ 10 కిలోలు, బెల్లం 2 కిలోలు, పప్పుల పిండి 2 కిలోలు, గోమూత్రం వేస్తాం. మట్టి మాత్రం గుప్పెడే. మందులు కొట్టని మన గట్టు మీద, చెట్టు కింద అది దొరకదా?

అసలు లోటు మట్టిలో లేదు, ఆకులో ఉంది. మన వైపు జీడితోటలు చూడండి. గింజలు ఏరడానికి వీలుగా ఉంటుందని ఆకంతా ఊడ్చి అగ్గిపెట్టేస్తారు. అడవి ఏ ఆకుతో బతుకుతోందో, ఆ ఆకునే మనం కాల్చుకుని, మళ్లీ అడవి మట్టికి సంచి పట్టుకెళ్తామా! ఊడవండి, తప్పులేదు. ఊడ్చింది వరుసల మధ్య పోగుచేసి, ఏరడం అయ్యాక పాదుల్లో పరవండి. కూలి ఖర్చు కాస్త పెరుగుతుంది, కాదనను. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లుకునేవాళ్లకి పైన కప్పడానికి ఆ ఆకే పనికొస్తుంది.

ఈసారి ఆకు కాల్చకుండా ఉంచినవాళ్లు ఏప్రిల్ ఎండల్లో ఆ పోగు కింద మట్టి ఓసారి చేత్తో తీసి చూడండి. వీడియో తీసి పంపితే ఇక్కడే పెడతాను.