తూకానికి వేసే ముందు

బలసముద్రం ఇల్లు సర్దుతుంటే అటక మీద రెండు ట్రంకుపెట్టెలు దొరికినాయి. ఒకదాంట్లో తాత కొన్న కన్నడ 'కొరవంజి' సంచికలు, ఇంకోదాంట్లో చిన్నాయన హిందూపురం పోయినప్పుడల్లా తెచ్చుకున్న తెలుగు 'హాసం'. సగానికి సగం ఎప్పుడో పాత పేపర్లతో పాటు తూకానికి పోయాయట. రామాయణం, పంచాంగాలు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఇవి నవ్వుల పత్రికలే కదా అని వేసేశారు. ఆ 'కదా' దగ్గరే మాకు పేచీ.

కొరవంజిని 1942లో బెంగళూరులో డాక్టర్ ఎం. శివరాం మొదలుపెట్టారు. వృత్తికి వైద్యుడు, కలం పేరు రాశి. 1967 దాకా నడిచింది. ఆర్.కె. లక్ష్మణ్ బొంబాయికి పోయి పేరు తెచ్చుకోకముందే, మైసూరులో చదువుకునే రోజుల్లో దీనికి బొమ్మలు వేశారు. కొరవంజి అంటే మన ఎరుకలసానే. సోది చెప్తున్నట్టే చెప్పి ఎదుటివాడి గుట్టు బయటపెట్టేస్తుంది. మన యక్షగానాల్లోనూ ఉన్న పేరే కాబట్టి తాతకు అది పరాయి పత్రిక అనిపించి ఉండదు.

హాసం 2001లో హైదరాబాదు నుంచి హాస్య, సంగీత పత్రికగా వచ్చింది, మూడేళ్లకే ఆగిపోయింది. దాన్ని నడిపించింది హెపటైటిస్-బి టీకా తయారుచేసిన శాంతా బయోటెక్నిక్స్ వరప్రసాద్ రెడ్డి గారు. అక్కడ డాక్టరు, ఇక్కడ టీకాల ఆయన! నవ్వు కూడా మందే అని ఇద్దరికీ తెలిసినట్టుంది.

ఏ ఏడు బియ్యం ధర ఎంతో సర్కారు లెక్కల్లో దొరుకుతుంది. ఆ ధర విని జనం ఏమని గొణుక్కున్నారో, ఏ మంత్రిని చూసి నవ్వుకున్నారో ఇట్లాంటి పత్రికల్లోనే దొరుకుతుంది. అందుకే దాచేటప్పుడు అట్టలు, ప్రకటనలు చింపి బైండు చేయించొద్దంటాం. మా ఇంట్లో ఒక ఏడాది సంచికలకు ఆ పని చేశారు. ఇప్పుడు ఏ బొమ్మ ఏ నెలదో తేల్చుకోలేక తలలు పట్టుకుంటున్నాం.

అసలు కష్టం ఇంకొకటుంది. మా పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, బళ్ళో చదివేది కన్నడం. తాత పెట్టె వాళ్లకు చదవొచ్చు, చిన్నాయన పెట్టె రాదు. మొన్న సెలవల్లో ఒకడు హాసంలో కార్టూన్ చూసి పకపకా నవ్వి, "కింద ఏం రాసినారు?" అనడిగాడు. చదివి చెప్తే మళ్ళీ నవ్వలేదు. హాస్యం చదివి వినిపిస్తే సగం చస్తుంది, వాడే చదువుకోవాలి.

రెండు లిపులూ దాయాదులే. మన తలకట్టు వాళ్ల దగ్గర అడ్డగీత అవుతుంది. క, త, శ లాంటి కొన్ని అక్షరాలే బాగా తేడా. కన్నడం వచ్చిన పిల్లవాడికి వాచకం ఇచ్చి కూర్చోబెట్టే బదులు కార్టూన్ల కింది ఒక్కొక్క వరస ఇస్తే చాలని మా నమ్మకం. వాడిప్పుడు రోజుకు రెండు కార్టూన్లు కూడబలుక్కుంటున్నాడు. ఒత్తుల దగ్గర మాత్రం ఆగి మమ్మల్ని పిలుస్తాడు.

పెట్టెలో చాలా సంచికలు తక్కువున్నాయి. హోసూరులోనో బళ్ళారిలోనో మీ అటకల మీద కొరవంజి గానీ హాసం గానీ ఉంటే, తూకానికి వేసే ముందు మాకొక మాట చెప్పండి. చినిగినా పరవాలేదు, అట్ట ఉంటే మేలు.