మళ్లీ నిలబడేవాళ్లు లెక్క చెప్పాలి

అమీర్‌పేటలో పైథాన్ నేర్పిస్తామనే బోర్డు లేని సందు దొరకడం కష్టం. ఆ బోర్డుల కింద నిలబడ్డ కుర్రాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, ఆ భాషకో పాలకమండలి ఉంది, దానికి ఏటా ఎన్నికలూ ఉన్నాయి. పేరు స్టీరింగ్ కౌన్సిల్, సభ్యులు ఐదుగురు. అక్టోబరులో కొత్త వెర్షన్ విడుదల కాగానే నామినేషన్ల సందడి మొదలవుతుంది. ఓటు మాత్రం మనకు లేదు. కోర్ డెవలపర్లుగా గుర్తింపు పొందినవాళ్లకే ఉంది. ప్రపంచం మొత్తమ్మీద వాళ్లు వందమంది చుట్టుపక్కలే.

ఈ ఎన్నికల్లో నేను గమనించేది కొత్తగా నిలబడేవాళ్లను కాదు, మళ్లీ నిలబడేవాళ్లను. పదవీకాలం ఏడాదికి అటూఇటూ. ఎన్నిసార్లయినా పోటీ చేయొచ్చు. బ్రెట్ కానన్ 2019 నుంచి వరుసగా ఐదు దఫాలు ఉన్నారు. బారీ వార్సా మూడు దఫాలు చేసి, రెండేళ్లు బయట ఉండి, 2024కి తిరిగొచ్చారు. పాబ్లో గలిండో సల్గాడో 2021లో అడుగుపెట్టి దఫా తర్వాత దఫా గెలుస్తూ వచ్చారు. వీళ్లకు కుర్చీ మీద మోజేమో అనుకునేవాళ్లుంటారు. నేనలా అనుకోను. ఈ కుర్చీకి జీతం లేదు, పడేవి చీవాట్లే. అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి పదవి ఎలాంటిదో తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ చీవాట్లు పడలేకే గీడో వాన్ రోసమ్ పక్కకు తప్పుకున్నారు. పైథాన్‌ను పుట్టించింది ఆయనే. 1991లో తొలి విడుదల నుంచి 2018 దాకా చివరి మాట కూడా ఆయనదే. ఆ ఏడాది ఒక చిన్న గుర్తు మీద పెద్ద రభస జరిగింది: రెండు చుక్కలు, పక్కనే ఈక్వల్స్. పక్కకు తిప్పి చూస్తే వాల్రస్ కళ్లూ కోరల్లా ఉంటుందని వాల్రస్ ఆపరేటర్ అన్నారు. విలువను ఒక పేరుకు కట్టడం, ఆ విలువనే వెంటనే వాడుకోవడం ఒకే చోట జరిగిపోవాలన్నది దాని ఉద్దేశం. గీడో దాన్ని ఆమోదించారు, జూలైలో పగ్గాలు వదిలేశారు. ఒక ప్రతిపాదన కోసం ఇంత పోరాడి ఇంతమందికి చేదవడం ఇక తన వల్ల కాదన్నది ఆయన మాటల సారాంశం. వారసుణ్ని కూడా చెప్పలేదు. కోర్ డెవలపర్లు నెలల తరబడి తర్జనభర్జన పడి, ఏడు పాలనా నమూనాలను పక్కపక్కన పెట్టుకుని, డిసెంబరులో ఓటేసి ఐదుగురి మండలిని ఎంచుకున్నారు. ఒకే కంపెనీ ఉద్యోగులు ఇద్దరికి మించి ఉండకూడదని నిబంధన కూడా పెట్టుకున్నారు. నా లెక్కలో ఆ రాజ్యాంగంలోకెల్లా తెలివైన వాక్యం అదే. 2019 తొలి మండలిలో గీడో కూడా గెలిచారు. రెండో దఫాకు మాత్రం పోటీ నుంచి తప్పుకున్నారు.

సరే, పాతవాళ్లు ఎందుకు కావాలి? ఒక్క ఉదాహరణ చాలు. పైథాన్‌లో ఫంక్షన్ రాసేటప్పుడు దానికి ఏ రకం డేటా వస్తుందో పక్కన రాసుకోవచ్చు. ఆ రాతలను భాష ఇకపై వట్టి అక్షరాల వరసలుగా దాచిపెట్టాలని, 3.10 నుంచి అదే పద్ధతి అందరికీ వర్తించాలని అనుకున్నారు. తీరా 2021 ఏప్రిల్‌లో, కొత్త మార్పులకు తలుపులు మూసే గడువు కొద్ది రోజుల్లో ఉందనగా, పైడాంటిక్, ఫాస్ట్ఏపీఐ వాడేవాళ్లు గగ్గోలు పెట్టారు. ప్రోగ్రామ్ నడుస్తుండగానే ఆ రాతలను చదువుకుని పనిచేసే సాధనాలవి. మండలి మార్పును వాయిదా వేసింది. దాని స్థానంలో వచ్చిన మరో ప్రతిపాదనకు 2023లో ఆమోదం దొరికింది, అది జనం చేతికి అందింది 2025 అక్టోబరులో, 3.14తో. వాయిదా వేసిన ఐదుగురిలో అప్పటికి మండలిలో ఉన్నది ఇద్దరే.

ఏడాది పదవి, నాలుగేళ్ల నిర్ణయం. జిల్ అనే తాళాన్ని తీసేసే పని ఇంకా పెద్దది. ఒకేసారి అనేక థ్రెడ్లు పైథాన్ కోడ్‌ను నడపకుండా ఆపే తాళం అది. శామ్ గ్రాస్ ప్రతిపాదనను 2023 అక్టోబరులో ఆమోదిస్తూనే, తేడా వస్తే వెనక్కి తీసుకుంటామని మండలి షరతు పెట్టింది. వెనక్కి తీసుకోవాలో వద్దో తేల్చాల్సింది ఆ తర్వాత వచ్చే మండళ్లే. షరతు ఎందుకు పెట్టారో తెలిసినవాళ్లు ఒకరిద్దరైనా అక్కడ ఉండాలి కదా!

కాబట్టి మళ్లీ నిలబడటం తప్పు కాదు. లెక్క చెప్పకుండా నిలబడటమే తప్పు. మండలి నిర్ణయం మండలి పేరునే వస్తుంది. లోపల ఎవరు ఒప్పుకున్నారో, ఎవరు కాదన్నారో బయటివాళ్లకు సాధారణంగా తెలియదు. 2024 ఆగస్టులో ఒక సీనియర్ కోర్ డెవలపర్‌ను మూడు నెలలు పక్కన పెట్టినప్పుడు పెద్ద దుమారమే రేగింది. ఆ ఏడాది చివరి ఎన్నికల్లో పాత ఐదుగురిలో నలుగురు తిరిగి గెలిచారు. అది ఆ నిర్ణయానికి ఆమోదమా, మిగతా పనికి పడ్డ మార్కులా? బ్యాలెట్ చెప్పదు. చెప్పగలిగింది అభ్యర్థులే. సేవ చేసే అవకాశం మళ్లీ ఇవ్వండి అనే నాలుగు మంచి ముక్కలు కొత్తవాళ్లకు సరిపోతాయి. పాతవాళ్లు మాత్రం ఏ ప్రతిపాదనను ఎందుకు నానబెట్టారో, దేనికి అడ్డం చెప్పారో, మండలితో తాము విభేదించింది ఎక్కడో తమ పేరుతో రాయాలి. గోప్యత అవసరమైన వ్యవహారాలు కొన్ని ఉంటాయి, ఒప్పుకుంటాను. అన్నిటికీ ఆ దుప్పటి కప్పకూడదు.

ఇదంతా మనకెందుకని హైదరాబాద్‌లో, బెంగళూరులో పైథాన్ మీద బతుకుతున్న తెలుగువాళ్లు అనుకోవచ్చు. ఆ ఓటు పుట్టుకతో వచ్చేది కాదు, కొనుక్కునేదీ కాదు. బగ్గులు సరిచేస్తూ, డాక్యుమెంటేషన్ దిద్దుతూ కొన్నాళ్లు నిలకడగా పనిచేసినవాళ్ల పేరును ఒక కోర్ డెవలపర్ ప్రతిపాదిస్తారు, పోలైన ఓట్లలో మూడింట రెండొంతులు పడితే కోర్ డెవలపర్ అవుతారు. అప్పటినుంచి ఆ ఐదుగురినీ లెక్క అడిగే హక్కు వాళ్లదే.