ఇంజను వేడెక్కితే ముందు నీళ్ళ దారి చూడండి

ఈ శీర్షికలో ఇంతదాకా కుట్టుమిషను, గ్రైండరు, నీళ్ళ మోటారు వంటి ఇంటి సామాన్ల గురించే చెప్పుకున్నాం. యానాంలో గౌతమీ గోదావరి మీదా, పూరీ పెంటకటాలో సముద్రం మీదా ఇంజను బోట్లతో వేటకు వెళ్ళే మనవాళ్ళకు అసలైన ఇంటి సామాను బోటు ఇంజనే. కనుక ఈసారి దాని సంగతి.

బోటు వెనుక తగిలించే ఔట్‌బోర్డు మోటారుకు కారుకున్నట్టు రేడియేటరు ఉండదు. బయటి నీళ్ళే దాన్ని చల్లబరచాలి. నీటిలో మునిగి ఉండే కాలు పక్కన చిన్న జాలీ ఉంటుంది. అందులోంచి వచ్చిన నీటిని ఇంపెల్లర్ అనే రబ్బరు రెక్కల చక్రం పైకి తోస్తుంది. సిలిండర్ల చుట్టూ తిరిగిన నీరు పొగతోబాటు కిందికి పోతుంది, కొంచెం మాత్రం వెనకవైపు సన్నని ధారగా చిమ్ముతుంది. డాక్టరు నాడి చూసినట్టు మనం ఆ ధారను చూడాలి. ఇంజను స్టార్టు కాగానే ఒకసారి, ఆ తరువాత అప్పుడప్పుడూ వెనక్కి తిరిగి చూసే అలవాటు పిల్లలకు మొదటి రోజే నేర్పండి.

ధార ఆగితే వేగం తగ్గించి ఇంజను ఆపాలి. అయితే మొగ దగ్గర, అలలు విరిగే చోట మాత్రం వెంటనే ఆపకండి. ఇంజను పాడైనా సరే, నెమ్మదిగా నడిపి అలల్లోంచి బయటపడి, లంగరు వేశాకే ఆపండి. అడ్డం తిరిగిన బోటును కెరటం ఏం చేస్తుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఆపాక ఇంజనును పైకెత్తి జాలీ చూడండి. ప్లాస్టిక్ సంచి, వల దారం, కాలువల నుంచి కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క వేళ్ళు తరచు అక్కడే దొరుకుతాయి. జాలీ శుభ్రంగా ఉండి, ఇంజను కూడా పెద్దగా వేడిగా లేకపోతే ధార వచ్చే రంధ్రమే పూడిపోయి ఉండవచ్చు, సన్నని తీగతో పొడవండి. కాగిపోయి ఉంటే మాత్రం చల్లారేదాకా ఓపిక పట్టాలి. తొందరపడి పైన చన్నీళ్ళు పోస్తే సిలిండరు హెడ్డు పగలవచ్చు.

ఇవేవీ కాకపోతే అనుమానం ఇంపెల్లర్ మీదికి పోతుంది. పూరీలో లాగా ఇసుక ఒడ్డు నుంచి బోటు దింపేచోట ఇసుక లోపలికి పోయి రెక్కలు అరిగిపోతాయి. ఒడ్డున నీళ్ళు లేకుండా "ఒక్కసారి చూద్దాం" అని తిప్పినా రబ్బరు కాలిపోతుంది, నిమిషం కూడా పట్టదు. ఏడాదికొకసారి మార్చడం మంచిది. పాతది తీసినప్పుడు రెక్కలు లెక్కపెట్టండి. ఒకటి తగ్గితే ఆ ముక్క పైన గొట్టంలో ఇరుక్కుని ఉందన్నమాట. అది తీయకుండా కొత్తది బిగిస్తే ఖర్చు దండగ.

ధార బాగానే ఉండి ఇంజను కాగుతుంటే థెర్మోస్టాట్ చూడాలి. దారంతో వేడినీళ్ళలో వేలాడదీయండి, మరిగేలోపల నోరు తెరవాలి. (వంటింటి మంచి గిన్నె వాడకండి, మాట పడాల్సి వస్తుంది.) కొందరు మెకానిక్కులు దాన్ని తీసి పారేయమంటారు. నేను ఒప్పుకోను. ఇంజను తగినంత వేడెక్కకపోతే ఆయిలు సరిగా కాలదు, ప్లగ్గుల మీద మసి పేరుకుంటుంది. కిరోసిన్ మీద నడిచే ఇంజనుకైతే మరీనూ. టూ స్ట్రోకు ఇంజనుకు ఆయిలు పాలు తగ్గించి పొదుపు చేసినా వేడే ఫలితం.

వీటన్నిటికీ మూలం చాలాసార్లు ఉప్పు. లోపలి దారుల్లో అది గారలా పేరుకుని దారి ఇరుకు చేస్తుంది. వేట నుంచి రాగానే డ్రమ్ములో జాలీ మునిగేదాకా మంచినీళ్ళు నింపి, ఫ్యాను విప్పి, గేరు వేయకుండా పది నిమిషాలు నడపండి. వేసవిలో యానాం దగ్గర గోదావరి నీళ్ళూ ఉప్పెక్కుతాయి కనుక నది మీద తిరిగేవారికీ ఈ పని తప్పదు. ఒక కొత్త ఇంపెల్లర్, దాని కీ, సరిపోయే స్పానర్లు ఒక డబ్బాలో కట్టి బోటులోనే ఉంచండి.

లోపల బిగించే డీజిల్ ఇంజన్ల సంగతి వచ్చే సంచికలో.