నలుగురూ ఒప్పుకున్నాకే చట్టమా?

స్వలింగ వివాహాల గురించి క్యాంపస్‌లో మాట వచ్చినప్పుడు గట్టిగా తిట్టేవాళ్లు తక్కువే. ఎక్కువమంది అనేది ఒకటే: "నాకేం ప్రాబ్లమ్ లేదు బ్రో, కానీ మన సమాజం ఇంకా రెడీగా లేదు." వినడానికి మర్యాదగానే ఉంటుంది. నాకు మాత్రం తిట్లకంటే దీనితోనే పేచీ. తిట్టేవాడితో వాదించొచ్చు. ఇక్కడ అభ్యంతరం చెప్పేది ఎప్పుడూ ఎదురుగా లేని ఆ "నలుగురు".

సుప్రీంకోర్టు కేసులో మొదటి పిటిషనర్లు హైదరాబాద్ జంటే. సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ 2021 డిసెంబర్‌లో అయినవాళ్ల మధ్య పెళ్లి వేడుక చేసుకున్నారు. తర్వాత స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద గుర్తింపు కావాలని కోర్టుకెళ్లారు. ఇది నగరాల్లోని పైవర్గాల ఆలోచన అని, తేల్చాల్సింది పార్లమెంటే అని కేంద్రం వాదించింది. 2023 అక్టోబర్ 17న ఐదుగురు జడ్జీలూ పెళ్లి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదన్నారు, చట్టం పని పార్లమెంట్‌కే వదిలేశారు. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లూ కొట్టేశారు.

ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో డెడ్‌లాక్ చదివాం కదా, అచ్చం అదే. కోర్టు పార్లమెంట్ కోసం చూస్తుంది. పార్లమెంట్ జనం కోసం చూస్తుంది. జనమేమో "చట్టమే ఒప్పుకోనిది మేమెలా ఒప్పుకుంటాం" అంటారు.

పోనీ సమాజం రెడీగా లేదని ఎవరు కొలిచారు? 2023లో ప్యూ రిసెర్చ్ సంస్థ సర్వే చేస్తే మన దేశంలో 53 శాతం మంది స్వలింగ వివాహాలకు చట్టబద్ధత ఉండాలన్నారు, 43 శాతం వద్దన్నారు. ఈ లెక్కని నేనూ నెత్తిన పెట్టుకోను. సర్వేకొచ్చినవాళ్లకి సరే అని, అదే మాట కన్నకొడుకు చెబితే మంచం పట్టే ఇళ్లు మనకి బోలెడు. అయినా "ఎవరూ ఒప్పుకోరు" అన్నది మాత్రం నిజం కాదు.

మన దగ్గరే ఒక పాత కథ ఉంది. వితంతు పునర్వివాహ చట్టం 1856లో వచ్చింది. అప్పట్లో దాన్ని సమర్థిస్తూ పెట్టిన సంతకాలకంటే వ్యతిరేకిస్తూ పెట్టినవే ఎక్కువ. జనం రెడీ అయ్యేదాకా ఆగుదాం అనుకుంటే ఆ చట్టమే వచ్చేది కాదు. కానీ వచ్చాక ఏమైంది? రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబర్ 11న. మధ్యలో పాతికేళ్లు! అదీ పోలీసుల కాపలాతో, వెలి బెదిరింపుల మధ్య. అంటే చట్టం ఒక్కటే పెళ్లిళ్లు చేయదు, ఒప్పుకుంటాను. అయితే ఆ చట్టం లేకపోతే వీరేశలింగం ఎంత పోరాడినా ఆ పెళ్లి చెల్లేది కాదు, పుట్టిన పిల్లలకి వారసత్వం ఉండేది కాదు. ప్రజల మనసు మార్చడం ఆయన పని. ఆ పనికి కాళ్ల కింద నేల ఇచ్చింది చట్టం. (తేదీల పిచ్చి ఉన్నవాళ్ల కోసం: సెక్షన్ 377ని సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది కూడా డిసెంబర్ 11నే, 2013లో. 2018లో గానీ ఆ తప్పు దిద్దుకోలేదు.)

ఓట్లు పోతాయని భయపడే నాయకులు తైవాన్ సంగతి చూడాలి. అక్కడ రాజ్యాంగ న్యాయస్థానం 2017లో రెండేళ్ల గడువిచ్చింది. 2018 రెఫరెండంలో జనం వద్దనే ఓటేశారు. అయినా 2019 మేలో చట్టం వచ్చింది. దానికి అండగా నిలిచిన అధ్యక్షురాలు సాయ్ ఇంగ్-వెన్ 2020 జనవరిలో దాదాపు 57 శాతం ఓట్లతో మళ్లీ గెలిచారు. గెలుపుకి వేరే కారణాలూ ఉన్నాయి, కానీ ఈ చట్టం ఆమెను ఓడించలేదు కదా.

మనకి ఇది డిబేట్ టాపిక్. పదేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్న ఇద్దరికి అలా కాదు. ఒకరు వీలునామా రాయకుండా పోతే రెండోవాళ్లకి వారసత్వ చట్టంలో చోటే లేదు. పదేళ్లుగా పలకరించని అన్నదమ్ములకి ఉంటుంది. జంటగా బిడ్డను దత్తత తీసుకోలేరు. 2024 ఆగస్టులో కేంద్రం ఒక వివరణ ఇచ్చింది: ఇలాంటివాళ్లు బ్యాంకులో జాయింట్ అకౌంట్ తెరవొచ్చు, భాగస్వామిని నామినీగా పెట్టుకోవచ్చు అని. మంచిదే. దాని కోసం ఏ నలుగురినీ అడిగినట్టు లేదు, ఆకాశమూ ఊడిపడలేదు.

2024 ఎన్నికలప్పటికి నాకు ఓటు రాలేదు. 2029లో మా వీధికి ఓట్లడగడానికి వచ్చే లోక్‌సభ అభ్యర్థిని ఈ చట్టం గురించే అడుగుతాను. మీ వీధిలో మీరూ అడగండి.