నంబర్ కుదిరినా కాళ్లు కుదరాలి

పాత ఆంప్లిఫయర్ విప్పితే సీ1815 అని రాసిన బుల్లి ట్రాన్సిస్టర్ తరచూ కనిపిస్తుంది. అసలు పేరు 2ఎస్‌సీ1815, తోషిబాది. ఆ కంపెనీ తయారీ ఆపేసింది. కోఠి గుజరాతీ గల్లీలో అడగండి, "బీసీ547 వేస్కో అన్నా, సేమ్" అంటారు. సగం నిజమే. అది 50 వోల్టులు తట్టుకుంటే ఇది 45. పన్నెండు వోల్టుల ప్రీఆంప్‌కి ఆ తేడా లెక్కలోకి రాదు.

చిక్కంతా కాళ్లతోనే. చదును వైపు మనకేసి పెట్టి చూస్తే సీ1815కి ఎడమ నుంచి ఎమిటర్, కలెక్టర్, బేస్. బీసీ547కి కలెక్టర్, బేస్, ఎమిటర్. ఉన్నపళంగా గుచ్చితే పాట రాదు, "బోర్డే పోయింది" అనే తీర్పు వస్తుంది. మా తాతయ్య ఆంప్‌కి అదే తీర్పు చెప్పారు. వెనక్కి తిప్పి, బేస్, కలెక్టర్ కాళ్లు తగలకుండా స్లీవ్ తొడిగి అటుదిటు మార్చాను. పాడుతోంది.

అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ దగ్గర మాత్రం ఈ ధైర్యం వద్దు. 2ఎన్3055 పేరుతో నకిలీలు బోలెడు. షార్టయితే స్పీకర్‌నీ కాల్చేస్తాయి. స్పీకర్ తీసేసి, సిరీస్ బల్బు పెట్టి ఆన్ చేయండి. బల్బు నిండుగా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపేయండి. ఎల్‌ఈడీ పనికిరాదు, ఫిలమెంట్ బల్బే కావాలి. ఇప్పుడు దాన్నీ వెతుక్కోవాల్సి వస్తోంది!